బర్తిమయి పక్కన కాసేపు: ఊహతో చేసే వాక్యధ్యానంపై మీ ప్రశ్నలు

సువార్త సంఘటనలోకి ఊహతో ప్రవేశించి ప్రార్థించే పద్ధతి గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. వాక్యాలు ఉదహరించిన చోట అందరి ఇళ్లలో ఉండే పాత అనువాదాన్నే వాడాం.

ప్రశ్న: రిట్రీట్‌లో ఫాదర్ గారు "ఆ సంఘటనలో మీరూ ఉన్నట్టు ఊహించుకుని ప్రార్థించండి" అన్నారు. అరగంట కళ్లు మూసుకుని కూర్చున్నానే గానీ ఏం చేయాలో తెలియలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చెప్పండి.
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: చిక్కు చాలావరకు వాక్యభాగం ఎంచుకోవడంలోనే ఉంటుందమ్మా. ఆరు నుంచి పది వచనాలు చాలు. అందులో ఒక చోటు, కొందరు మనుషులు, కాస్త కదలిక, ఒకటో రెండో మాటలు ఉండాలి. రోమా పత్రికలో ఇవి దొరకవు. యోహాను 14 నుంచి 17 దాకా ఉన్నది ఎంత గొప్ప భాగమైనా దాదాపు అంతా ప్రసంగమూ ప్రార్థనే, కొత్తవాళ్లకు కుదరదు. మార్కు 10:46–52 తీసుకుందాం, యెరికో గుడ్డివాడు బర్తిమయి.

ముందురోజు రాత్రి ఒకసారి చదివి పడుకోండి. ఈ పద్ధతిని క్రమంగా రాసిపెట్టిన లొయోలా ఇగ్నేషియస్, నిద్రపోయే ముందు ఒక మంగళవార్త జపం చెప్పేంత సేపు, రేపు ఎన్నింటికి లేవాలో, దేనికి లేవాలో తలుచుకోమన్నారు. ఆయన ధ్యానానికి పెట్టిన కొలత నిండు గంట. ఇంటిపని ఉన్నవాళ్లకు మొదట్లో అరగంట చాలు. అది కుక్కర్ కూతలకు ముందే దొరకాలి.

కూర్చోబోయే చోటికి ఒకటి రెండు అడుగుల ముందు ఆగండి. పరలోక ప్రార్థన చెప్పేంత సేపు, దేవుడు నన్ను చూస్తున్నాడని గుర్తు తెచ్చుకోండి. తర్వాత మోకాళ్ల మీదో, కుర్చీలోనో, మీకు కుదిరినట్టు ఉండండి. కుదిరిన భంగిమను మధ్యలో మార్చకండి. వెల్లకిలా పడుకుని కూడా చేయవచ్చని ఇగ్నేషియస్ అన్నారు గానీ, తెల్లవారుజామున ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దీనికంతా రెండు నిమిషాలు.

వాక్యం మూడుసార్లు, ఐదు నిమిషాలు. మొదటిసారి మామూలుగా, రెండోసారి పైకి నెమ్మదిగా, మూడోసారి క్రియల మీద వేలు పెట్టి చదవండి: కూర్చున్నాడు, విన్నాడు, కేకలు వేశాడు, గద్దించారు, ఆగాడు, పిలవమన్నాడు, పారేశాడు, లేచాడు, వచ్చాడు. మీరు నడవాల్సిన దారి ఈ క్రియలే. ఆ తర్వాత పుస్తకం మూసేయండి. ఫోనులో చదివితే ఫోను వేరే గదిలో పెట్టి రండి.

ఇక చోటును కట్టుకోవాలి, మూడు నిమిషాలు. యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్ల దిగువన ఉన్న పల్లం, యెరూషలేము 750 మీటర్ల ఎత్తున ఉంది. పస్కాకు వెళ్లే జనం ఇక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల ఎక్కుడు దారి పట్టాలి. ఖర్జూర చెట్లు, దుమ్ము, ఊరు దాటుతున్న గుంపు. మీరు కూర్చున్నది గుడ్డివాడి పక్కన కాబట్టి కళ్లకు పెద్ద పనుండదు, వచ్చేదంతా చెవులకే రావాలి. అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోంది? ఎంత మంది? ఇక్కడ ఒక్క వాక్యంలో మీకు కావలసింది అడగండి: "ప్రభువా, నాకు నిజంగా ఏం కావాలో నీతో చెప్పుకునే ధైర్యం ఇవ్వు." ఇది అడగకుండా ముందుకు పోతే ధ్యానం సినిమా చూడడంగా మారిపోతుంది.

తర్వాతి పది నిమిషాలు సంఘటనను జరగనివ్వండి. మీరు ఎవరో ముందే గట్టిగా తేల్చుకోకండి. బర్తిమయి కావచ్చు, పక్కన ఉన్న మనిషి కావచ్చు, నోరు మూసుకోమని గద్దించేవాళ్లలో ఒకరు కావచ్చు. గద్దించేది మీరేనని తోస్తే అక్కడి నుంచి పారిపోకండి, ఆ రోజు మీ చోటు అదే. "ధైర్యము తెచ్చుకొనుము, ఆయన నిన్ను పిలుచుచున్నాడు, లెమ్ము" అన్నాక అతను బట్ట పారేసి లేస్తాడు. ఆ బట్ట దగ్గర ఆగండి. నిర్గమకాండము 22:26–27 ప్రకారం కుదువ పెట్టుకున్న పైబట్టను పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చేయాలి, పేదవాడు రాత్రి కప్పుకునేది అదొక్కటే కనుక. గుంపు మధ్యలో గుడ్డివాడు దాన్ని విసిరేస్తే మళ్లీ ఎక్కడ వెతుక్కుంటాడు? చేత్తో ముట్టుకోండి. ఎంత మాసి ఉంది, ఎంత బరువుంది? మీరు ఇంకా పారేయనిది ఏమైనా ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

చివరికి ప్రశ్న వస్తుంది: "నేను నీకేమి చేయగోరుచున్నావు?" పదిహేను వచనాల ముందు యాకోబు యోహానులను కూడా యేసు ఇదే అడిగాడు, వాళ్లు కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు కూర్చోవాలని కోరారు. ఈ ప్రశ్నకు బర్తిమయిని జవాబు చెప్పనివ్వకండి, మీరే చెప్పండి. ఇక్కడి నుంచి ఐదు నిమిషాలు స్నేహితుడితో మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడి, పరలోక ప్రార్థనతో ముగించండి.

మిగిలిన ఐదు నిమిషాలు నోట్‌బుక్‌కు. మనసు ఎక్కడ ఆగింది, ఎక్కడ విసుగొచ్చింది లేదా భయమేసింది, ఏం మాట్లాడాను అన్నది మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. మర్నాడు కొత్త భాగం తీయకండి. ఇదే భాగానికి వచ్చి, మనసు ఆగిన చోటా విసుగొచ్చిన చోటా మాత్రమే నిలవండి. అందరూ వదిలేసేది ఈ మలిధ్యానాన్నే. మొదటి రోజు బొమ్మలు కట్టుకోవడంతోనే సరిపోతుంది, మాట లోపలికి దిగేది ఎక్కువగా రెండో రోజునో మూడో రోజునో.

ప్రశ్న: ఆదికాండము 6:5లో నరుల "ఊహ అంతయు ఎల్లప్పుడు కేవలము చెడ్డది" అని ఉంది కదా? ఇది న్యూ ఏజ్ వాళ్ల పద్ధతి అనీ, మనసులో చేసే విగ్రహారాధన అనీ మా పాస్టరు గారు అంటున్నారు.
– ఒక సహోదరుడు, ఒంగోలు

జవాబు: ఇందులో మూడు అభ్యంతరాలున్నాయి, విడివిడిగా చూద్దాం.

అక్కడ "ఊహ" అని తెలుగు చేసిన హెబ్రీ మాట యేట్సెర్. కుమ్మరి మట్టిని మలిచినట్టు మనసు మలిచేది అని భావం. దేవుడు నేలమంటితో నరుణ్ని నిర్మించాడన్న ఆదికాండము 2:7లోని క్రియదీ అదే ధాతువు. ఈ యేట్సెర్ 1 దినవృత్తాంతములు 29:18లో మళ్లీ కనిపిస్తుంది, ప్రజల హృదయాల్లో ఈ తలంపును నిత్యం కాపాడమని దావీదు ప్రార్థించే చోట. యెషయా 26:3లో "ఎవని మనస్సు నీమీద ఆనుకొనునో" అన్నప్పుడు "మనస్సు" అయిందీ ఈ మాటే. తెలుగులో చోటుకో మాట పడడంతో ఈ చుట్టరికం మనకు కనిపించదు. నోవహు కాలంలో చెడిపోయిన శక్తీ, యెషయాలో దేవుని మీద ఆనుకునే శక్తీ ఒక్కటే. నాలుకతో శపిస్తారని నాలుకతో స్తుతించడం మానేయం కదా.

న్యూ ఏజ్ అంటే ఇరవయ్యో శతాబ్దంలో పడమటి దేశాల్లో వ్యాపించిన కొత్త ఆధ్యాత్మిక ధోరణి. ఆ మాటకు తేదీలే జవాబు. ఇగ్నేషియస్ స్పెయిన్ సైనికుడు. 1521 మే 20న పంప్లోనాలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, లొయోలాలోని సొంత ఇంట్లో మంచాన పడి క్రీస్తు జీవితం చదివాడు. అక్కడ మొదలైన సాధనను తర్వాత పుస్తకంగా రాస్తే 1548లో పోపు మూడో పౌలు ఆమోదించాడు. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ పేరులో ఉన్న లయోలా ఈ ఊరే. అంతకు మూడు వందల ఏళ్ల ముందే, 1223 క్రిస్మస్‌కు, అసిసీ ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రేచో ఊళ్లో పశువుల తొట్టి, ఎద్దు, గాడిద తెప్పించి, బెత్లెహేమును జనం కళ్లముందు నిలబెట్టాడు.

మూడోది, విగ్రహం సంగతి, బరువైన అభ్యంతరమే. ప్రెస్బిటేరియన్ సంఘాలు బోధకు వాడే 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ పెద్ద ప్రశ్నోత్తరావళి 109వ ప్రశ్నకు జవాబులో, దేవుని రూపాన్ని మనసులో కూడా కల్పించుకోకూడదని ఉంది. ఆ సంప్రదాయపు సంఘాల్లో పెరిగినవాళ్లు మనస్సాక్షిని నొప్పించుకుని ఇది చేయనక్కర్లేదు. వాళ్లకు కుదిరే తీరు ఒకటుంది: చోటు, జనం, దుమ్ము, బట్ట, కేకలు అన్నీ ఊహించుకోండి, యేసు రూపాన్ని మాత్రం వదిలేసి వాక్యంలో ఉన్న ఆయన మాటలనే వినండి. మిగతావాళ్లకు గలతీయులకు 3:1లో పౌలు మాట ఆసరా: తన బోధలో సిలువ వేయబడిన క్రీస్తు "మీ కన్నులయెదుట" ప్రదర్శించబడ్డాడని అంటాడు. అయితే ధ్యానం ముగిశాక ఆ బొమ్మను దాచుకోకండి, దానికి దణ్ణం పెట్టకండి. నిచ్చెన ఎక్కాక నిచ్చెనను మోసుకుపోము.

ఈ జవాబు చూపించి పాస్టరు గారితో వాదనకు దిగవద్దని మనవి.

ప్రశ్న: కళ్లు మూస్తే కరుణామయుడు సినిమాలో విజయచందర్ ముఖమే వస్తోంది. తప్పా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: తప్పు కాదు. 1978 నుంచి తెలుగువాళ్లలో ఎందరికో వచ్చేది ఆ ముఖమే. కొందరికి క్యాలెండరు మీది తెల్లటి ముఖం వస్తుంది. యేసు ఎలా ఉండేవాడో సువార్తలు ఒక్క మాట కూడా చెప్పవు. ముఖంతో కుస్తీ పడితే అరగంటా దానికే పోతుంది. చేతుల వైపో, పాదాల వైపో చూడండి, లేదా ఆయన వెనక నడవండి.

ప్రశ్న: నాకు బొమ్మలే రావు. చీకటి, లేదా నిద్ర. నాకు విశ్వాసం తక్కువా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: విశ్వాసానికీ దీనికీ సంబంధం లేదు. మనసులో బొమ్మలు కట్టలేని మనుషులు ఉన్నారు. ఆ తీరుకు 2015లో శాస్త్రవేత్తలు అఫాంటేసియా అని పేరు పెట్టారు. పదహారో శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని ఆవిలా తెరేసా అంతటి ప్రార్థనాపరురాలు కూడా తనకు ఊహాశక్తి బహు తక్కువని స్వయంగా రాసుకుంది. అయినా నిద్రకు ముందు గెత్సేమనే తోటలో ప్రభువు పక్కన ఉన్నట్టు తలుచుకోవడం ఆమెకు ఏళ్ల తరబడి అలవాటు. కనిపించడం వేరు, దగ్గర ఉండడం వేరు.

బొమ్మ రాకపోతే వాసన పట్టుకోండి. యోహాను 21:9లో ఒడ్డున నిప్పుల మీద చేపలున్నాయి. మూలభాషలో బొగ్గుల నిప్పుకు వాడిన ఆ మాట కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే ఉంది, యోహాను 18:18లో, పేతురు చలి కాచుకుంటూ యేసును ఎరుగనన్న మంట దగ్గర. తడిబట్టలతో ఒడ్డెక్కిన పేతురు ముక్కుకు ఏం తగిలి ఉంటుందో ఆలోచించండి. దీనికి బొమ్మ అవసరం లేదు. అదీ కాకపోతే సంఘటనను పైకి, మెల్లగా, "నేను" అంటూ చెప్పుకోండి: "నేను నీళ్లలోంచి వస్తున్నాను. నిప్పులు కనబడ్డాయి. ఎవరూ ఏమీ అడగడం లేదు." లేదా కాగితం మీద రాయండి.

నిద్రకు మందు వేరే. తిన్న వెంటనే కూర్చోకండి, కళ్లు సగం తెరిచి నేల మీద ఒక చోట నిలపండి, కునుకు వస్తే లేచి నిలబడండి. రాత్రి ఐదు గంటల నిద్ర కూడా లేనివాళ్లు ముందు పడుకోవాలి.

ప్రశ్న: వాక్యంలో లేనివి ఊహలో వచ్చేస్తున్నాయి. ఎంతవరకు కలుపుకోవచ్చు?
– ఒక సండే స్కూల్ టీచరు, కాకినాడ

జవాబు: ఇగ్నేషియస్ కూడా కలిపారు. బెత్లెహేము ధ్యానంలో మరియను గాడిద ఎక్కించి, యోసేపు వెంట ఒక పనిపిల్లను, ఒక ఎద్దును నడిపించారు. లూకాలో గాడిదా లేదు, పనిపిల్లా లేదు, ఎద్దూ లేదు, ఉన్నదల్లా పశువుల తొట్టి. తనను తాను అక్కడ వాళ్లకు సేవ చేసే చిన్న దాసుడిగా ఊహించుకున్నారు.

మా లెక్కలో హద్దు ఇది: సామాను కలపవచ్చు, క్రియలు మార్చకూడదు. దారి ఎత్తుపల్లాలు, గుహ పైకప్పు ఎంత కిందికి ఉంది, తొట్టిలో గడ్డి పచ్చిదా ఎండుదా, ఇవన్నీ సామాను. యేసు ఆగాడని ఉంటే ఆగాలి. ధనవంతుడైన యువకుడు దుఃఖపడుతూ వెళ్లిపోయాడని ఉంటే మీ ఊహలో అతన్ని వెనక్కి తీసుకురాకండి. వెళ్లిపోనివ్వండి, ఆ ఖాళీ చోట నిలబడండి. ముగింపు మార్చాలనిపించడమే ఆ రోజు మీరు ప్రభువుతో మాట్లాడాల్సిన విషయం. ఇంకో జాగ్రత్త: ధ్యానంలో కలుపుకున్న సామానును మర్నాడు పిల్లలకు వాక్యంగా చెప్పకండి. మత్తయిలో జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు, క్రిస్మస్ నాటకాల్లో తప్ప.

ప్రశ్న: సమరయ స్త్రీ కథ ధ్యానిస్తుంటే బావి దగ్గర యేసు నాతో "ఆ సంబంధం ఒప్పుకో" అన్నట్టు స్పష్టంగా వినిపించింది. మా అమ్మాయికి వచ్చిన సంబంధం అది. ముందుకు వెళ్లమంటారా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఆ మాట మీద మాత్రం వెళ్లకండి. ఊహలో యేసు నోట వచ్చే మాటల్లో కొన్ని వాక్యంలోవి, కొన్ని మన ఆశలవి, కొన్ని మన భయాలవి, కొన్ని నిజంగా దేవుడు పుట్టించినవి. ఏది ఏదో వాటి మీద రాసి ఉండదు. సాతాను వెలుగుదూత వేషం వేస్తాడని పౌలు అన్నాడు (2 కొరింథీయులకు 11:14). అందుకే ఇగ్నేషియస్ తలంపు మొదలు, నడుమ, చివర మూడూ చూడమన్నారు. ఆ మాట ఎక్కడ పుట్టింది? ఆ ముందురోజు మధ్యవర్తి ఫోను చేశాడా? అది మిమ్మల్ని ఎటు నడిపిస్తోంది, నెమ్మదిగా విచారించే వైపా, ఎవరికీ చెప్పకుండా త్వరపడే వైపా? చివరికి మిగిలింది శాంతా, గాభరానా?

ఇంట్లో "ప్రభువు చెప్పాడు" అని అనకండి. ఆ మాటకు ఎదురు జవాబు ఉండదు, మీ అమ్మాయి నోరు అక్కడితో మూతపడుతుంది. అమ్మాయి ఇష్టం అడగండి, అబ్బాయి ఉద్యోగం, అలవాట్లు మామూలుగా ఎలా విచారిస్తారో అలాగే విచారించండి. వైద్యం, ఆస్తి, ఉద్యోగం మానేయడం, వీటికీ ఇదే మాట. మనసు కుంగి ఉన్న రోజుల్లో అంతకు ముందు స్థిమితంగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదన్నది ఈ సాధనలో పాత నియమం.

ధ్యానంలో ఆయన ఏమీ మాట్లాడకపోతే వెలితి అనుకోకండి. చూపు చాలు.

ప్రశ్న: శ్రమదినాల్లో సిలువ ఘట్టం ఇలా ధ్యానిస్తే గుండె దడ, ఏడుపు ఆగడం లేదు. కొనసాగించాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కన్నీళ్లు వేరు, దడ వేరు. ఏడ్చాక తేలికపడి ఇంటి పని చేసుకోగలిగితే కొనసాగించండి. ఊపిరి ఆడక, పాత దెబ్బలు, పాత గొడవలు కళ్లముందుకొస్తుంటే వెంటనే ఆపేయండి. కళ్లు తెరవండి, పాదాలు నేలకు ఆనించండి, గదిలో ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, మంచినీళ్లు తాగండి. ఇది ప్రార్థనను మధ్యలో విడిచిన పాపమేమీ కాదు. కొన్ని వారాలు హింస ఉన్న ఘట్టాలు వదిలి లూకా 10:38–42, మరియ మార్తల ఇంట్లో ఉండండి. తిరిగి వచ్చినప్పుడు కూడా సిలువ కింద కాకుండా, లూకా 23:49లో దూరంగా నిలబడి చూస్తున్నవాళ్లలో నిలబడండి. దూరం మీ చేతిలో ఉంటుంది. లేనివి కనిపించడం, వినిపించడం వంటి ఇబ్బందికి మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ పద్ధతి జోలికి పోవద్దు. వాళ్లకు కీర్తనలు పైకి చదవడం మేలు.

ప్రశ్న: మా యూత్ గుంపుతో, పన్నెండు మందితో, దీన్ని చేయించాలి. ఎలా నడపాలి?
– ఒక సహోదరుడు, విశాఖపట్నం

జవాబు: తక్కువ మాట్లాడండి. నడిపేవాడు సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేయాలని ఇగ్నేషియస్ మొదట్లోనే హెచ్చరించారు, సొంతంగా దొరికిన దాంట్లోనే రుచి ఉంటుందని. వెనక కీబోర్డు వద్దు. అది ఏడిపిస్తుంది గానీ విననివ్వదు.

మీది సముద్రతీరం కాబట్టి గలిలయ సముద్రంలో యేసు తుపానును అణచిన మార్కు 4:35–41 బాగుంటుంది. గలిలయ సముద్రం నిజానికి సరస్సు, 21 కిలోమీటర్ల పొడవు, 13 వెడల్పు. 1986లో దాని ఒడ్డు బురదలో యేసు కాలం నాటి దోణె ఒకటి బయటపడింది. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. నేల మీద సుద్దముక్కతో ఆ కొలత గీసి పన్నెండు మందినీ లోపల కూర్చోబెట్టండి. మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. అమరం వైపు తలగడకు చోటు వదలండి.

వాక్యం రెండుసార్లు చదివి నాలుగే ప్రశ్నలు వేయండి, ఒక్కోదాని తర్వాత గడియారం చూసుకుని రెండు నిమిషాల మౌనం: ఏం వినబడుతోంది? నీ చేతులు దేన్ని పట్టుకున్నాయి? నిద్రపోతున్న ఆయన్ని చూస్తే కోపమా, జాలా? "నిశ్శబ్దమై ఊరకుండుము" అన్నాక ఆయనతో ఏమంటావు? నడిపేవాళ్లకు రెండు నిమిషాలు చాలా పొడుగనిపించి నలభై సెకన్లకే నోరు తెరుస్తారు, అందుకే గడియారం. చివర ఐదు నిమిషాలు ఎవరికి వారు. పంచుకోమని వరసపెట్టి అడగకండి. చెప్పదలచినవాళ్లు ఒక్కో వాక్యం చెబితే చాలు, దాని మీద వ్యాఖ్యానం వద్దు. పదేళ్ల లోపు పిల్లలుంటే మౌనం అరనిమిషానికి తగ్గించి, దోణెలో తాము ఎక్కడ కూర్చున్నారో బొమ్మ గీయించండి. ఆయన పక్కన గీసుకున్నవాళ్లను పొగడకండి, నీళ్లలో గీసుకున్నవాళ్లను దిద్దకండి.